బోణీ కర్పూరం

మా అమ్మ చేతి చలవతో ఒక అప్లికేషన్ సర్వర్ నడిచిందని చెబితే, ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు నన్ను ఎగాదిగా చూస్తారు. చూడనీ. వాళ్ళ సర్వర్లు ఏసీ గదుల్లో పుట్టి ఏసీ గదుల్లోనే పోతాయి. నాది నరసన్నపేట మెయిన్ రోడ్డు మీద, చెప్పుల కొట్టు పైన, రెండు గదుల ఆఫీసులో పెరిగింది. దాని పద్ధతులు దానివి.

కంపెనీ అంటే మేం ఇద్దరమే. ఒకరు మా బాస్. విజయనగరం మనిషి. హైదరాబాదులో చాలా ఏళ్ళు పనిచేసి, సాఫ్ట్‌వేర్ మన ఊళ్ళలో కూర్చుని ఎందుకు చెయ్యకూడదని పంతం పట్టి వచ్చేశారు. రెండోదాన్ని నేను. సర్వర్‌ని కూడా మనిషి కింద లెక్కేస్తే ముగ్గురం. బాస్‌కి కోపం ముక్కు మీద ఉండేది, నాకు నాలుక మీద. మేమిద్దరం దెబ్బలాడుకోకుండా ఉన్నది సర్వర్ పడిపోయినప్పుడు మాత్రమే. అప్పుడు ఇద్దరికీ నోట మాట వచ్చేది కాదు.

మా మొదటి కస్టమరు ఆ ఊళ్ళోనే టోకు కిరాణా వ్యాపారం చేసే షావుకారు. చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న కొట్లన్నీ ఆయన దగ్గరే సరుకు తీసుకునేవి. అదివరకు వాళ్ళంతా ఫోన్లు చేసి పంచదార, నూనె, పప్పు అని చెప్పేవారు. ఫోను ఎప్పుడూ ఎంగేజీ. ఆ ఇంటి కోడలు డిగ్రీలో కంప్యూటర్లు చదువుకుంది. మావగారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, మా చేత వెబ్ సర్వీసు పెట్టించింది ఆవిడే. నేను ఆవిడని వదినా అనేదాన్ని.

వెబ్ సర్వీసంటే రైల్వే స్టేషన్లో టికెట్ల కిటికీ అనుకోండి. ఇటునుంచి అడిగితే అటునుంచి జవాబొస్తుంది, లోపల ఎవరు కూర్చున్నారో మనకి అనవసరం. అలాంటి కిటికీలన్నీ ఉండే ఇల్లు అప్లికేషన్ సర్వర్. ఆ ఇంటి తలుపులు తియ్యడం, ఏ కిటికీ బిగుసుకుపోయిందో చూడటం, దుమ్ము దులపడం నా ఉద్యోగం. పల్లెలో కొట్టాయన ఫోనులో నొక్కిన ఆర్డరు మా సర్వర్‌కి వచ్చి, అక్కడినుంచి షావుకారు గల్లాపెట్టె పక్కనున్న చిన్న ప్రింటరులో చీటీగా బయటికొచ్చేది. ఆ చీటీ చూసి గుమస్తాలు సరుకు కట్టేవారు.

షావుకారు మాత్రం ఈ ఏర్పాటుకి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "సూద్దాం" అన్నారు. ఎప్పుడడిగినా "సూద్దాం" అనేవారు. ఆయన సరేనని ఏడాదికి మాట ఇస్తే ఆఫీసు ఉంటుంది, ఆయన్ని చూసి మిగతా కొట్లవాళ్ళూ వస్తారు. లేకపోతే గదులు ఖాళీ చేసి విశాఖపట్నంలో మకాం పెడతానని బాస్ నాకు ముందే చెప్పేశారు. నాకు విశాఖపట్నం మీద పగేమీ లేదు. కానీ మా ఊరు సముద్రం ఒడ్డున ఉంది. పొద్దున్న బస్సెక్కితే గంటలో ఆఫీసు, సాయంత్రం బస్సెక్కితే గంటలో అమ్మ చేతి చేపల పులుసు. చదువుకున్నన్నాళ్ళూ హాస్టల్లో తిన్న సాంబారు నా నాలుక మీద ఇంకా ఉంది. మళ్ళీ ఆ సాంబారు దగ్గరికి వెళ్ళేది లేదని నేను ఒట్టు పెట్టుకున్నాను. కాబట్టి ఆ షావుకారు ప్రింటరులోంచి చీటీలు వస్తూ ఉండటం నాకు చాలా అవసరం.

సర్వర్‌కి ఒక జబ్బు ఉండేది. రోజంతా పనిచేస్తే మెమొరీ నిండిపోయి మొద్దుబారిపోయేది. జబ్బు మూలం వెతుకుతూ, ఈలోగా రోజూ తెల్లవారగానే దానంతటదే ఆగి మళ్ళీ లేచేలా ఏర్పాటు చేశాం. లేచాక బాగుందో లేదో చూడాలి కదా. మొదట్లో "ఉన్నావా?" అని అడిగే టెస్టు ఒకటి పెట్టాను. "ఉన్నాను" అనేది. ఒకరోజు "ఉన్నాను, ఉన్నాను" అంటూనే మధ్యాహ్నం దాకా ఒక్క ఆర్డరూ పుచ్చుకోలేదు. పిలిస్తే పలికినంత మాత్రాన పని చేస్తున్నట్టు కాదని మనుషుల దగ్గర ఎప్పుడో తెలుసుకున్నాను గానీ, మిషన్లు కూడా ఇంతేనని అనుకోలేదు.

దాంతో బాస్ స్వయంగా కూర్చుని గట్టి టెస్టు రాశారు. సర్వర్ లేవగానే ఒక ఉత్తుత్తి కొట్టు పేరు మీద కిలో ఉప్పు ఆర్డరు పెడుతుంది. షావుకారు కొట్టులో చీటీ అచ్చయిందో లేదో చూస్తుంది. అయితే, వెంటనే ఆ ఆర్డరు రద్దు చేస్తుంది. పెట్టడం, అచ్చవడం, రద్దవడం అన్నీ ఒక్క దెబ్బతో పరీక్షించినట్టే. ఆ ఉత్తుత్తి కొట్టు ఎక్కడో ఉండాలి కాబట్టి శ్రీకూర్మంలో ఉందని రాశారు. పాఠంగా చెప్పదగ్గ టెస్టు. రోజూ పాసయ్యేది. మేం రోజూ టీ తాగుతూ మురిసిపోయేవాళ్ళం.

ఒక బుధవారం పొద్దున్న వదిన ఫోను చేసింది.

"సెల్లీ, మీ సార్‌ని తీసుకుని తొందరగా రా. మావయ్యగారు ప్రింటరు పీకించేస్తానంతన్నారు."

ఇద్దరం పరిగెత్తాం. కొట్టు ముందు నీళ్ళు చల్లి ముగ్గేసి ఉంది. గల్లాపెట్టె మీద అగరొత్తి వెలుగుతోంది. షావుకారు ముఖంలో మాత్రం వెలుగు లేదు. చేతిలో ఇనప చువ్వకి గుచ్చిన చీటీల దొంతర ఉంది.

"ఏటమ్మా ఇది? మా తాతకాడ నుంచి ఈ కొట్లో మొదటి బేరం ఎనక్కి తిరిగిందిలేదు. మీ మిషను పెట్టినకాడ నుంచి రోజూ తలుపు తీసి దండం ఎట్టుకునీసరికి ఒక ఉప్పు బేరం, దాని కింద రద్దు. నిన్నా అదే, మొన్నా అదే. అందులోనూ ఉప్పు! పొద్దున్నే లక్ష్మి గుమ్మం దాకా వచ్చి ఎలిపోతన్నాది."

ఆయన మాట ఇంకా అయిపోలేదు.

"ఎదురుకొట్టువోడు సేయిస్తన్నాడనుకున్నాను. ఆడితో మాటలు మానీసినాను. ఈ శ్రీకూర్మం కొట్టు ఎవులిదో సూసి రమ్మని గుమస్తాని బండి మీద తోలినాను."

వెనకనుంచి గుమస్తా ముందుకొచ్చాడు. "ఊరంతా తిరిగినానండి. అలాటి కొట్టు లేదన్నారు. కోవిల్లో దర్శనం సేసుకుని వచ్చీసినాను" అని మాకు ప్రసాదం కూడా పెట్టాడు. నేను కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. బాస్ చేతిలోనే పట్టుకుని, తప్పదన్నట్టు నోరు విప్పారు.

"షావుకారు గారూ, అది ఎవరూ చేయించడం లేదండి. మేమే పెడుతున్నాం. టెస్టు కోసం."

షావుకారు చీటీల చువ్వని గల్లాపెట్టె మీద పెట్టేసి మావైపు తిరిగారు.

"మీరా?" అన్నారు షావుకారు. "రోజూ నా బోణీ తిరగ్గొడతన్నది మీరా?"

"అది నిజం బేరం కాదండి. ఉత్తుత్తిది."

"బేరం ఉత్తుత్తిది గావొచ్చు బాబూ. రద్దు నిజమే గదా?"

బాస్ హైదరాబాదులో ఎన్ని మీటింగుల్లో కూర్చున్నారో నాకు తెలీదు. ఈ ప్రశ్న మాత్రం అక్కడ ఎవరూ అడిగి ఉండరు. నాకు నవ్వొచ్చింది, దగ్గుతో కప్పుకున్నాను. బోణీ మీద బతికే ఇంట్లో పుట్టినదాన్ని, షావుకారు బాధ నాకు ఎముకల్లోకి తెలిసింది.

బాస్ వెంటనే తేరుకున్నారు. "పోనీ, టెస్టు చీటీలు అచ్చవకుండా చేసేస్తాం. మీకు కనపడవు."

"నాకు అగుపడకపోతే జరగనట్టేటి?"

"పైగా అన్నిటికంటే ఎక్కువ మొరాయించేది ప్రింటరే సార్. దాన్ని వదిలేస్తే అది టెస్టే కాదు" అన్నాను నేను. బాస్ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కానీ నా నాలుక సంగతి చెప్పాను కదా.

టెస్టుని సాయంత్రానికి మారిస్తేనో అన్నారు బాస్. సర్వర్ లేచేది పొద్దున్న. లేవగానే చూడకపోతే, పల్లెల ఆర్డర్లు మునిగిపోయాక సాయంత్రం చూసి ఏడవాలి. అది ఆయనకీ తెలుసు, మాట సగంలోనే మింగేశారు. వదిన పాపం గుమ్మం పక్కన నిలబడి కొంగు మెలిపెట్టుకుంటోంది. ఈ మిషను తెమ్మన్నది ఆవిడ కదా.

షావుకారు తేల్చేశారు. "శుక్రవారం దాకా సూస్తాను. శుక్రవారం పొద్దున్న మంచి బోణీ పడాల. పడకపోతే మీ ప్రింటరు మీరు అట్టుకుపోండి."

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని విశాఖపట్నం హాస్టళ్ళలో సాంబారు ఎలా ఉంటుందో ఆలోచించాను. ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు పొద్దున్న నేను బస్సు దగ్గరికీ, అమ్మ చేపల గంపతో ఊళ్ళోకీ కలిసే బయల్దేరాం. రోజూ అంతే. పడవలు ఒడ్డుకొచ్చాక వేలంలో పాట పాడి చేపలు కొని, గంపకెత్తుకుని వీధులు తిరుగుతుంది అమ్మ. వీధి మొదట్లో బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. ఆవిడ చెయ్యి మంచిదని అమ్మ గట్టి నమ్మకం. ముందు ఆవిడ గుమ్మంలోనే గంప దించుతుంది. ఆవిడ ఒక చిన్న చేపైనా తీసుకుంటుంది, అమ్మ ఆ డబ్బు కళ్ళకద్దుకుంటుంది, అప్పుడు మిగతా వీధి. ఆ గురువారం ఆవిడ ఒక కవళ్ళ చేప తీసుకుని, మా ఎదురుగానే దాన్ని పిల్లికి వేసేసింది. గురువారం వాళ్ళింట్లో నీచు వండరు.

నేను ఇన్నేళ్ళూ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం నిలబడిపోయాను.

"ఆవిడకి అక్కర్లేదు కదే అమ్మా. మరెందుకు తీసుకుంటుంది?"

"అక్కర్లేకపోతే ఏటి? నా గంప కదలాల గదా" అంది అమ్మ, నాకు బుర్ర ఉందో లేదో అన్నట్టు చూసి.

బస్సులో కూర్చునే సరికి నా బుర్ర కూడా కదిలింది. మా తప్పంతా రద్దులో ఉంది. ఆ ఉప్పు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి రద్దు చేస్తున్నాం. రద్దు చెయ్యడమెందుకు, రోజూ నిజంగానే ఏదో ఒకటి కొనేస్తే పోలేదా? చిన్నది, పాడవనిది, ఎన్ని ఉన్నా బరువు కానిది. ఆఫీసు మెట్లెక్కుతూనే బాస్‌తో చెప్పాను.

"టెస్టు డేటాని శుభ్రం చెయ్యకుండా వదిలేస్తామా?" అన్నారు ఆయన కోపంగా.

"డేటా కాదు సార్, కర్పూరం. ఒక్క పేకెట్టు."

ఆయన తిట్టడానికి నోరు తెరిచి, శుక్రవారం గుర్తొచ్చి మూసేశారు. రద్దు పరీక్ష మరి ఎలాగని ఆయనంటే, దాన్ని మిట్టమధ్యాహ్నం, పదిమంది బేరాలు అయ్యాక చేద్దామన్నాను. సరేనన్నారు. ఇద్దరం షావుకారు దగ్గరికి వెళ్ళి చెప్పాం. కర్పూరమనే సరికి ఆయన ముఖం కాస్త విచ్చుకుంది. అంతలోనే మళ్ళీ ముడుచుకుంది.

"ఎవులి సెయ్యి?"

ఆ సంగతి మేం ఆలోచించనే లేదు. బాస్ ఉత్సాహంగా, నా పేరు మీద పెట్టండి అన్నారు. షావుకారు ఇనప చువ్వ మీది చీటీల దొంతర వైపు ఒకసారి చూసి, "మీ సెయ్యి సూసినాం గదా" అన్నారు. వదిన, నా పేరు మీద మావయ్యగారూ, అంది. ఇంటి మనిషి కొంటే బేరం ఎలాగవుతుందన్నారు. నా పేరు ఎత్తబోయాను. "నువ్వూ ఆయన జట్టే గదా పాపా" అన్నారు.

"అయితే మా అమ్మ" అన్నాను.

"మీ అమ్మ ఏటి సేస్తాది?"

"చేపలమ్ముతుంది" అన్నాను, కాస్త గొంతు పెంచే. చేప వాసన గిట్టని ఇల్లది, ముఖం చిట్లిస్తారేమో, చిట్లిస్తే ఏమనాలో మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

షావుకారు ముఖం చిట్లించలేదు. వ్యాపారస్తుడు ఇంకో వ్యాపారస్తుడి గురించి అడిగినట్టు అడిగారు. "ఎన్నాళ్ళ బట్టి?"

"నేను పుట్టకముందు నుంచి."

"గంప మిగుల్తాదా?"

"ఎప్పుడూ మిగలదండి. ఖాళీ గంపతోనే ఇంటికొస్తుంది."

"అయితే ఆవిడ పేరే ఎట్టండి" అన్నారు. సిద్ధం చేసుకున్న మాట నా నోట్లోనే ఉండిపోయింది.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ ఇంతెత్తున లేచింది. "నన్నడక్కుండా నా సెయ్యి ఇచ్చీసి వచ్చినావేటే? రేపు ఆయనకి బేరాలు లేకపోతే నా సెయ్యి మంచిది కాదనరా?" పోనీ మానేద్దామా అంటే అదీ ఒప్పుకోలేదు. మాట పోతుందిట. కర్పూరం డబ్బులు మాత్రం తనే ఇస్తానంది. ఊరికే తీసుకుంటే బోణీ ఎలాగవుతుందని నన్నే అడిగింది. ఆ రాత్రి భోజనం దగ్గర అమ్మ తన చేతిని పదే పదే చూసుకోవడం నేను గమనించాను. మా ఇంట్లో ఇద్దరికీ పరీక్షే.

శుక్రవారం సర్వర్ లేచింది. మొదటి ఆర్డరు అమ్మ పేరు మీద, కర్పూరం, ఒకటి. చీటీ అచ్చయింది. ఆ తరవాత ఆర్డర్లు మొదలయ్యాయి. వినాయక చవితి ముందు వారం కాబట్టి బెల్లం, బియ్యప్పిండి, నూనె అంటూ పల్లెలన్నీ ఒకేసారి మీద పడ్డాయని బాస్ అభిప్రాయం. అమ్మ చెయ్యని షావుకారు అభిప్రాయం. ఎవరిది నిజమైనా, మధ్యాహ్నమయ్యే సరికి సర్వర్ నురగలు కక్కింది. మెమొరీ అయిపోయిందని తెర నిండా ఎర్ర అక్షరాలు. తరవాత మా పని కూడా అంతే అన్నట్టు అక్షరాలు కూడా ఆగిపోయాయి.

"అయిపోయింది" అన్నారు బాస్. "ఈ రోజే కావాలా దీనికి?"

ఫోను మోగింది. షావుకారు. బాస్ నావైపు తోశారు, నేను ఆయనవైపు తోశాను. చివరికి నేనే ఎత్తాను.

"ఏటి పాపా, అది మీ అమ్మ సెయ్యేటి, సేపల వలేటి? సీటీలు ఏరుకోలేకపోతన్నాం!" నవ్వు ఫోనులోంచి బయటికి వినిపించింది. "మిషను ఆగినట్టున్నాది. ఆగనీ. సరుకు కట్టుకుని మెతుకులు తిని వస్తాం. అప్పుడు లేపండి."

నేను ఫోను పెట్టేశాను. బాస్ నన్ను పక్కకి జరిపి తనే పనిలో దిగారు. ఆ గొడవలోనే జబ్బు మూలం దొరికింది. ప్రతి ఆర్డరుకీ ప్రింటరు దాకా ఒక దారి తెరుస్తోంది, పనయ్యాక మూయడం లేదు. బేరాలు తక్కువున్న రోజుల్లో నెమ్మదిగా నిండేది, ఆ రోజు ఒక్కసారిగా నిండి మూలం బయటపెట్టేసింది. సరిచేశాం. పొద్దున్న ఆగి లేచే ఏర్పాటు మాత్రం అలాగే ఉంచాం, బోణీ దాని మీదే కదా. అది ఇంజనీరింగ్ అని బాస్ అన్నారు, మంచి చెయ్యని షావుకారు అన్నారు. నేను ఇద్దరికీ తల ఊపాను. ప్రింటరు మాత్రం గల్లాపెట్టె పక్కనే ఉండిపోయింది.

ఏడాది మాట సంగతి బాస్ కదిలిస్తే, "సూద్దాం" అన్నారు మళ్ళీ.

అప్పట్నుంచి రోజూ కర్పూరమే. వదిన పేకెట్లన్నీ ఒక సంచిలో వేసి ఉంచేది, వారానికోసారి నేను ఇంటికి మోసుకెళ్ళేదాన్ని. అమ్మ బట్టల పెట్టెలో వేసింది, బియ్యం డబ్బాలో వేసింది, తలగడ కింద పెట్టుకుంది. తరవాత వీధి మీద పడింది. బట్టలు కుట్టే ఆవిడకి, చేపల వేలంలో పాట పాడే వాళ్ళకి, పక్కింటివాళ్ళకి పంచింది. మా వీధిలో చేపల వాసన, కర్పూరం వాసన ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉండేవి. బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు నేను ఏ గుడి నుంచి వస్తున్నానో అనుకునేవారు.

ఇలా కొన్ని నెలలు గడిచాయి. గదుల యజమాని బాస్ వెంట పడటం మొదలెట్టాడు. ఉంటారా, ఖాళీ చేస్తారా, ఏదో ఒకటి తేల్చమన్నాడు. షావుకారు తేల్చరు, బాస్ తేల్చలేరు. విశాఖపట్నంలో గది చూడమని బాస్ ఎవరితోనో ఫోనులో అనడం విన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న అమ్మ కూడా నాతో బస్సెక్కింది. పెద్ద కోనాం చేపలు పడ్డాయి, నరసన్నపేట మార్కెట్లో అయితే మంచి ధర వస్తుందని. గంపని ప్లాస్టిక్ గుడ్డలో చుట్టి, కండక్టరుతో ఒక దెబ్బలాట పూర్తిచేసుకుని, వెనక సీటులో నా పక్కన సర్దుకుంది. సగం దారిలో ఫోను మోగింది. షావుకారు.

"పాపా, మీ అమ్మకి ఒంట్లో బాగున్నాదా?"

నా పక్కనే కూర్చుని కండక్టరుని ఇంకా గొణుక్కుంటున్న అమ్మని చూశాను. "బాగానే ఉందండి. ఏమైందండి?"

"పొద్దున్న ఆవిడ సీటీ రాలేదు. జొరమో ఏటో అని కంగారు పడిపోతన్నాను."

అప్పుడు తట్టింది నాకు. అమ్మకి కాదు, సర్వర్‌కి. పొద్దున్న ఆగింది గానీ మళ్ళీ లేవలేదు. పడిపోతే నాకు కబురు పంపే ఏర్పాటు కూడా ఆ సర్వర్ లోనే పెట్టుకున్నాం. అదే పడిపోతే కబురెవరు పంపుతారు? నేను ఇంకా నోరు తెరవకముందే అమ్మ ఫోను లాక్కుంది. షావుకారుతో తను మాట్లాడటం అదే మొదలు.

"సావుకారుగారూ, నాను రాయిలాగున్నాను. ఏటి గొడవ?"

"ఏటీ లేదమ్మా. మీ బేరం పడలేదని కూకున్నాను. గుమ్మం ముందు జనం ఉన్నారు, ఎవులికీ సరుకు ఇయ్యలేదు."

"ఓలమ్మో! దానికి ఇంత కంగారేటి? నోటితో సెప్తన్నాను, ఒక కర్పూరం కట్టించండి. అయిపోయినాది గదా, బేరాలు సూసుకోండి."

మా అమ్మే, నా కన్నతల్లే, ఒక్క మాటతో నా ఉద్యోగాన్ని బస్సు కిటికీలోంచి పారేసింది. నోటితో చెప్తే అయిపోయే దానికి సర్వరెందుకు, చెప్పుల కొట్టు పైన గదులెందుకు, నేనెందుకు? ఇన్ని నెలలుగా ఆయన "సూద్దాం" అంటున్నది ఇదే కదా. నేను అమ్మ చెయ్యి గిల్లాను. అమ్మ తిరిగి నన్ను గిల్లింది.

ఫోనులోంచి కొట్టు ముందు జనం గోల నాకూ వినిపిస్తోంది.

"ఒద్దమ్మా" అన్నారు షావుకారు. "నోటి మాట ఒద్దు. సీటీ రావాల. మీ అమ్మాయి వచ్చీదాకా ఆగుతాను."

బస్టాండులో బస్సు పూర్తిగా ఆగకుండానే దూకాను. వెనకనుంచి అమ్మ గంప దించుకుంటూ "ఒసే, నెమ్మదిగెల్లే, పడిపోతావు!" అని అరుస్తోంది. మెట్లెక్కే సరికి బాస్ సర్వర్ ముందు చెమటలు కక్కుతున్నారు. చూస్తే డిస్కు నిండిపోయింది. సర్వర్ రోజూ తను చేసిన ప్రతి పనినీ ఒక ఫైల్లో రాసుకుంటుంది. అలా రాసుకుని రాసుకుని, లేవడానికి తనకే చోటు లేకుండా చేసుకుంది. పాత రాతలు చెరిపేశాం. లేపాను. ఒక్కొక్క సర్వీసూ లేచినట్టు తెర మీద వరసలు కదులుతుంటే ఇద్దరం వాటినే చూశాం. టెస్టు నడిచింది. అమ్మ పేరు, కర్పూరం, ఒకటి.

వెంటనే ఫోను మోగింది. "వచ్చినాది పాపా" అన్నారు షావుకారు. "మీ అమ్మకి సెప్పు, బేరాలు మొదలెట్టీసినానని." ఆయన వెనక జనం ఒక్కసారిగా సరుకులు అరవడం వినిపించింది.

మధ్యాహ్నం వదిన వచ్చింది. మావయ్యగారు ఏడాదికి సరేనన్నారని, కాగితం తెమ్మన్నారని చెప్పింది. చెబుతుంటే ఆవిడ కళ్ళు మెరిశాయి. బాస్ గదుల యజమానికి ఫోను చేసి ఖాళీ చెయ్యడం లేదని గట్టిగా అరిచినట్టే చెప్పారు. ఆయన అంత సంతోషంగా అరవడం నేనెప్పుడూ చూడలేదు. నేను బాత్రూములోకి వెళ్ళి కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను.

సాయంత్రం అమ్మ ఖాళీ గంప కడుగుతూ అడిగింది. "ఆ సావుకారు నన్నెప్పుడైనా సూసినాడేటి?"

"లేదే."

"నీ కంప్యూటరు పడిపోతే నాకు జొరమొచ్చిందనుకున్నాడా?"

"అవునే అమ్మా."

అమ్మ గంప బోర్లించి, తడి చేతులు చీరకి తుడుచుకుంది. ఆ చేతుల మీద చేప పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి.

"రేపటి నుంచి రెండు ఎట్టు" అంది.

"రెండెందుకు?"

"ఒకటి నాకు. రెండోది ఆయన్నే ఉంచుకోమను. దేవుడికాడ ఎలిగించుకుంటాడు."

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే టెస్టులో ఒకటిని రెండు చేశాను. బాస్ చూసి, ఎందుకు పెంచావని అడిగారు. సర్వర్ ఎంత బరువు మోస్తుందో చూద్దామని, లోడ్ టెస్టింగ్ అన్నాను.